నేలబొగ్గు వాయువును తీయుచోట నేలను కాపాడుట



నేడు నేను చెప్పబోవునది నేలబొగ్గులో దాగియుండు మీథేను అను వాయువును గూర్చి. దానిని తీయుటకై బావులు తొలుచునప్పుడు పైనున్న మన్నును, చెట్టుచేమలను, మృగపక్షులను కాపాడుకొను విధమును గూర్చి. బడిలో ఛందస్సును, వ్యాకరణమును చెప్పుకొని పింఛను పుచ్చుకొనుచున్నవానికి ఈ విషయముతో పనియేమి యని మీకు తోచవచ్చును. నేను హైదరాబాదు నగరమున గోల్నాకయందు నివసించువాడను. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము మాకు దూరము కాదు. దానిని దాటిన తార్నాక వచ్చును. అచ్చటినుండి ఉప్పలునకు పోవు బాటమీద భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. ఇల్లందు, మణుగూరు, మందమర్రి ప్రాంతములనుండి చదువునకై వచ్చిన పిల్లలు మా చుట్టుపట్ల గదులు తీసికొని యుందురు. వారి తండ్రులును తాతలును మీవంటి పెద్దలే. రిగ్గుబండి పొలిమేరకు వచ్చినప్పుడు ఏమి అడుగవలెనో తెలియక, చూపినచోట వ్రేలిముద్ర వేసిరని ఆ పిల్లలలో కొందరు నాతో చెప్పిరి. అడుగవలసిన ఆ మాటలకొరకే నేను చదివితిని, తెలిసినవారిని అడిగితిని.

నేలబొగ్గు చూపునకు రాయివలె ఉన్నను పుట్టుకచేత చెట్టు. 25 కోట్ల యేండ్లకు పూర్వము బురదనేలలలో పెరిగిన అడవులు కూలి, ఒండ్రుక్రిందను ఇసుకక్రిందను అణగి, వేడికిని బరువునకును లోనై బొగ్గుగా మారినవి. ఆ మార్పులో కొంత భాగము వాయువైనది. అదియే మీథేను. మా హైదరాబాదు క్రింద ఉన్నది గ్రానైటు రాయి గనుక ఇచ్చట బొగ్గును లేదు, బొగ్గువాయువును లేదు. ప్రాణహిత, గోదావరి నదుల లోయయందు మాత్రము బొగ్గుపొరలు సుమారు 350 కిలోమీటర్ల పొడవున పరచుకొని యున్నవి. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లందు చేరువ వానిని గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. గని యను మాట సంస్కృతమందలి ఖని యను మాటకు వికృతి. త్రవ్వుట యను అర్థముగల ధాతువునుండి అది పుట్టినది. త్రవ్వినదానిని పూడ్చుట యను అర్థము ఆ ధాతువులో లేదు, దానిని మనమే చేర్చుకొనవలెను.

మీథేనునకు రంగు లేదు, వాసన లేదు, గాలికంటె తేలికయైనది. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ల వరకు కలిసియున్నప్పుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. 1958 ఫిబ్రవరిలో వంగదేశపు చినాకూరి గనియందు ఇట్టి ప్రేలుడువలన 176 మంది కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ప్రేలక ఆకాశమున కలిసిపోయినను కీడే. నూరేండ్ల లెక్కలో చూచినయెడల, బొగ్గుపులుసు వాయువుకంటె ఇది సుమారు 28 రెట్లు అధికముగా భూమికి వేడిని కలిగించును. కావున గని త్రవ్వుటకు ముందే ఈ వాయువును బావులద్వారా తీసి వంటకును, యంత్రములకును వాడుకొనుట మంచిపనియే. ఆ పనిని వలదనుట నా తాత్పర్యము కాదు. క్రిందనున్నవాని ప్రాణము కాచుటకు తొలిచిన బావి పైనున్నవాని పొలమును చెరుపనక్కరలేదనుటయే నా తాత్పర్యము.

మన దేశమున ఈ వాయువును వ్యాపారముగా తీయుట 2007లో రాణీగంజు బొగ్గుసీమయందు మొదలైనది. మధ్యప్రదేశమందలి సోహాగ్‌పూరున 2017లో మొదలైనది. మన సీమలో 2005 నాటి వేలమున గోదావరి లోయ ఉత్తరము, కొత్తగూడెము తూర్పు అను రెండు క్షేత్రములు అన్వేషణకై చేర్చబడినవి. అచ్చట రాణీగంజువలె బావులు వరుసలుగా వెలయలేదు. సింగరేణి బొగ్గులో వాయువు ఝరియా బొగ్గులోకంటె తక్కువ. అయినను బొగ్గు జాడ తెలిసికొనుటకు వేసిన రంధ్రములు ఈ లోయలో వేలకొలది కలవు. వాయువునకైనను బొగ్గునకైనను రిగ్గు వచ్చినప్పుడు మన్నునకు కలుగు బాధ ఒక్కటే గనుక, నేను చెప్పునది ఆ రెంటికిని వర్తించును.

బోరు వేయుట మీరెల్లరును చూచినదే. మా గోల్నాక సందులలో బోరు వేసినప్పుడు రాతిపిండి కలిసిన బూడిదరంగు నీరు వీధివెంట ప్రవహించును. అది యెండినతరువాత సున్నపు గచ్చువలె గట్టిపడి, గోడప్రక్కనున్న తులసికిని, వేపమొక్కకును ఊపిరాడనీయదు. మంచినీటి బోరు ఒక పగలో ముగియును. మీథేను బావి అట్లు కాదు. అది అనేక వందల మీటర్లు, ఒక్కొక్కచోట వేయి మీటర్లు దిగును. రిగ్గు నిలుచుటకు రెండుమూడెకరముల చదును కావలెను. బరువైన లారీలు వచ్చుటకు బాట కావలెను. వాయువు తీసికొనిపోవుటకు గొట్టపు బాట వేరుగా కావలెను. పైగా ఒక్క బావితో పని తీరదు. ఒక్కొక్క క్షేత్రమున పదులకొలది, వందలకొలది తొలిచెదరు. బావి నోరు జానెడే యని చెప్పువానితో బాటల పొడవెంతయో చెప్పుమని అడుగుడు.

మొదటి మాట మన్నును గూర్చి. పైనున్న జానెడు మన్నే పొలము. అందులోనే ఎరువు, విత్తనము, వానపాములు, కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉన్నవి. దానిక్రింద నున్నది మొరము, సుద్ద, రాతిపొడి. ప్రకృతి ఒక్క అంగుళము మేలిమన్నును చేయుటకు కొన్ని వందల యేండ్లు పట్టును. యంత్రముతో చదును చేయువాడు పైమన్నును క్రిందిమన్నును ఒక్కటిగా కలిపి ఒక మూలకు నెట్టును. పని ముగిసినతరువాత ఆ కలగాపులగమునే తిరిగి పరచి, పూడ్చితిమని చెప్పును. చూచుటకు చదునుగనే యుండును. విత్తినప్పుడు తెలియును. కావున మొదట పైమన్నును మాత్రము వేరుగా తీయవలెను. దానిని ఎత్తుగా కుప్పవేయరాదు. రెండు మీటర్లకు మించి పోసినయెడల అడుగునున్న మన్నునకు గాలి సోకక అందలి జీవము నశించును. ఆ కుప్పపై జనుమో, పిల్లిపెసరయో చల్లిన వానకు కొట్టుకొనిపోదు, ఎండకు ఎగిరిపోదు, పైగా బలము కలుగును. కుప్పచుట్టు చిన్న గట్టు వేయవలెను. క్రిందిమన్ను కుప్ప వేరుగా, దూరముగా ఉండవలెను. తిరిగి పరచునప్పుడు క్రిందిది క్రిందను, పైది పైనను పడవలెను.

అంతకు ముందు చేయవలసిన పని యొకటి యున్నది. దానిని గుత్తదారులు తరచుగా మరతురు. లారీలు త్రొక్కిన నేల రోటిబండవలె బిగిసిపోవును. దానిపై ఎంతటి మంచిమన్ను పరచినను నీరు దిగదు, వేరు పారదు. లోతుగా దిగు ఉక్కు కొంకులతో ఆ నేలను మోకాలిలోతు చీల్చి, ఆ పిమ్మట మన్ను పరచవలెను. రేగడినేలలో తడియున్నప్పుడు బండి నడిపినయెడల ఆ బిగువు ఏండ్లతరబడి విడువదు. అందుచేత కార్తెలు చూచుకొని, వానలు వెనుకబట్టిన తరువాతనే రిగ్గును పిలువవలెను. మృగశిరకు ముందే యంత్రములు బయటపడవలెను. ఇది ఇంజనీరుకంటె మీకే బాగుగా తెలిసిన లెక్క.

ఇక బోరు బురదను గూర్చి. లోతుగా తొలుచునప్పుడు బావిగోడలు కూలకుండుటకును, రాతిపొడి పైకి వచ్చుటకును బెంటొనైటు మట్టి కలిపిన బురదను లోనికి పంపుదురు. ఒత్తిడి అధికముగానున్న చమురు బావులలో బరువుకొరకు ముగ్గురాయి పొడి కూడ కలుపుదురు. ఆ ముగ్గురాయి మన కడప సీమలోని మంగంపేటనుండి దేశదేశములకు పోవుచున్నది. ఈ బురదను నిలువచేయు గుంటకు అడుగున గట్టి ప్లాస్టిక్కు పట్టా పరువవలెను. లేనియెడల అందలి ఉప్పులును, నూనెలును ఊటబావులలోనికి దిగును. పని ముగిసినతరువాత గుంటలోని బురదను అచ్చటనే కప్పివేయుట సులభము గనుక కప్పివేయుదురు. ఒప్పుకొనకుడు. తీసికొనిపోయి తగినచోట వేసినట్లు వ్రాతమూలకముగా చూపవలెను.

అన్నిటికంటె పెద్దది నీటి సంగతి. బొగ్గులో కంటికి కనబడని సందులు లెక్కకు మించి కలవు. వాని గోడలకు వాయువు అంటుకొనియుండును. చుట్టునున్న నీటి ఒత్తిడి దానిని కదలనీయదు. గోలీసోడాలో గోలీని నొక్కినంతనే బుడగలు పైకి లేచుట మీరు చూచియుందురు. లోని ఒత్తిడి తగ్గుటయే దానికి కారణము. బొగ్గులోనుండి నీటిని తోడివేసినప్పుడును అట్లే జరుగును. అందుచేత మీథేను బావి కొన్ని నెలలు మొదట నీటిబావి, ఆ తరువాతనే వాయువుబావి. అంత నీరు ఎచ్చటికి పోవును? చేరువనున్న వాగునకు విడుచుటయే సులభమైన మార్గము. ఆ నీటిలో సోడా ఉప్పు మిక్కుటముగా నుండుట తరచు. చౌడు నేల యననేమో మీకు నేను చెప్పనక్కరలేదు. సోడియము బంకమట్టిలోని సున్నపు అంశమును వెడలగొట్టి తాను చేరును. అప్పుడు మట్టిరేణువులు విడిపోయి, తడిసిన జిగటై, ఎండిన పెంకై, నీరు ఇంకని నేలయగును. నల్లరేగడికి ఈ కీడు ఇసుకనేలకంటె అధికము. తరువాత జిప్సము చల్లి బాగుచేయవచ్చును గాని, దాని వ్యయము రైతుపై పడరాదు.

అమెరికాలో వయోమింగు, మొంటానా రాష్ట్రముల నడుమ పౌడరు నది లోయ కలదు. అచ్చట 1990లనుండి వేలకొలది బొగ్గువాయువు బావులు తొలిచిరి. పైభాగముననున్న వయోమింగువారు నీటిని వాగులలోనికి విడువగా, దిగువనున్న మొంటానా రైతులు తమ పసిరికపొలములు చెడునని మొరపెట్టిరి. 2003లో మొంటానా ప్రభుత్వము నదీజలమున ఉప్పును, సోడియమును ఇంతకు మించరాదని హద్దు ఏర్పరచెను. ఎగువవాడు లాభము తీయగా దిగువవాడు నీరు పరీక్షించుకొనవలసి వచ్చుట మనకు కొత్త సంగతి కాదు. మూసీ ఒడ్డునున్న మా గోల్నాకవారికి అది మరియు బాగుగా తెలియును. కావున బావి తొలుచుటకు ముందే ఊరి బావులలోను, చెరువులోను, వాగులోను నీటిని పరీక్షచేయించి ఆ కాగితమును పదిలపరచుడు. ముందు కాగితము లేనివానికి, మీ నీరు మొదటినుండియు ఇట్లే ఉన్నదని బదులు వచ్చును.

తొలిచిన రంధ్రము మనము అనుకొన్నంతనే ముగియదు అనుటకు మణుగూరు చేరువనున్న పగిడేరు నిదర్శనము. బొగ్గు అన్వేషణకై ఆ ప్రాంతమున వేసిన లోతైన బోరునుండి వేడినీరు పంపు లేకయే పైకి ఉబికివచ్చుచున్నది. ఆ వేడితో 20 కిలోవాట్ల విద్యుత్తును తీయు ప్రయోగము సింగరేణివారు చేపట్టిరి. అచ్చట మేలే కలిగినది. ఉప్పునీరు ఉబికినయెడల ఏమగునో మీరే ఊహింపుడు. బావిలో దింపు ఇనుప గొట్టమునకును నేలకును నడుమ సిమెంటు నిండుగా పోయవలెననుట ఇందుకొరకే. ఆ సిమెంటు సందులేక నిలిచినదా యని పరీక్షించు పద్ధతులు కలవు. పరీక్ష చేసితిరా యని అడుగుడు, ఫలితమును చూపుమనుడు.

సిమెంటు చెడిన యెడల వాయువు మన్నులోనికి పారును. మన్నులో మీథేను చేరినచో ప్రాణవాయువునకు చోటుండదు. మీథేనును తిని బ్రతుకు సూక్ష్మజీవులు కొన్ని కలవు. అవి మిగిలిన ప్రాణవాయువును కూడ త్రాగివేయును. అప్పుడు చెట్టు వేళ్లకు ఊపిరాడదు. నీరు పెట్టినను ఆకు పసుపై, కొమ్మ ఎండి, బావిచుట్టు బట్టతలవలె నేల బయటపడును. యంత్రములు లేని ఊరిలో ఇదియే మొదటి గురుతు. పశువులకాపరి దీనిని ఇంజనీరుకంటె ముందు చూచును. చేదబావిలోగాని కుంటలోగాని కారణములేక బుడగలు వచ్చినచో అదియు గురుతే. అగ్గిపుల్ల గీచి పరీక్షించు సాహసము ఎవ్వరును చేయరాదు. పిల్లలను దూరముగా నుంచి అధికారికి తెలుపవలెను.

ఇచ్చట మీకు కోనసీమ జ్ఞప్తికి రావచ్చును. 1995 జనవరి 8న పాసర్లపూడిలో చమురు, సహజవాయువుల సంఘపు బావి అదుపుతప్పి అంటుకొని, 65 దినములు మండెను. చుట్టుపట్ల ఊళ్లవారు ఇండ్లు విడిచిపోయిరి. ఆ వాయువు మిక్కిలి లోతునుండి గొప్ప ఒత్తిడితో వచ్చునది. బొగ్గువాయువు ఒత్తిడి తక్కువైనది గనుక అంతటి మంట లేచు భయము స్వల్పము. ఆ మాటనే చెప్పి గుత్తదారు మిమ్ము ఊరడించును, అబద్ధము కాదు. అయినను పాసర్లపూడి మంట లోకమంతయు చూచినది, వెంటనే ఆర్పుటకు మనుష్యులు పరుగెత్తివచ్చిరి. బొగ్గువాయువు బావివలన కలుగు హాని మెల్లగా, చప్పుడులేక కలుగును. దానిని చూచువారు ఊరివారు తప్ప మరి యెవ్వరును లేరు.

అడవిని గూర్చి చెప్పవలసినది చాల కలదు. మన బొగ్గుసీమయు, మన అడవియు ఒక్కచోటనే ఉన్నవి. కిన్నెరసాని, ఏటూరునాగారము, ప్రాణహిత అభయారణ్యములు ఆ లోయయందే కలవు. కవ్వాలు అడవిని 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. మహారాష్ట్రమందలి తాడోబా అడవులనుండి పులులు ఏరులు దాటి ఆసిఫాబాదు, కాగజునగరు అడవులకు వచ్చుచున్నవి. పులికి కావలసినది కోర కాదు, బాట. ఒక అడవినుండి మరియొక అడవికి తెంపులేని పొదల వరుస యుండవలెను. బావి చదును రెండెకరములే కావచ్చును, బావికిని బావికిని నడుమ బాటలు ఆ వరుసను ముక్కలుముక్కలుగా కోయును. ఒకే చదునుమీదనుండి ఏటవాలుగా నాలుగైదు బావులు తొలుచు విద్య నేడు కలదు. అడవియందు దానినే వాడుమని పట్టుపట్టవలెను. ఉన్న బండ్లబాటనే వాడవలెను. కొత్తబాట వేసినచో పని తీరినవెంటనే దానిని చీల్చి, అడ్డముగా కందకము త్రవ్వి మూయవలెను. తెరచియుంచిన బాటన లారీ రాకపోయినను ఉచ్చులవాడు వచ్చును. అడవిపందులకని పన్నిన కరెంటు తీగలకు మంచిర్యాల ప్రాంతమున పులి కూడ బలియైనది.

చెట్టు నరుకుటకు ముందు లెక్క వ్రాయవలెను. టేకును, ఏగిసను అటవీశాఖవారు లెక్కింతురు. ఇప్పచెట్టును, తునికిపొదను, చిల్లగింజల చెట్టును లెక్కించువారు మీరే. ఇప్పపువ్వువలన వేసవిలో ఎన్ని కుటుంబములకు గింజలు దొరకుచున్నవో ఏ కాగితములోను ఉండదు. తిరిగి నాటునప్పుడు త్వరగా పెరుగునని నీలగిరి చెట్టునో, సుబాబులునో నాటి పచ్చగా చూపుదురు. నా మతమున అది బాకీ తీర్చుట కాదు. ఏ చెట్టు పోయినదో ఆ చెట్టు గింజనే, ఆ అడవినుండియే ఏరి, పైమన్నుతో కూడ చల్లవలెను. పైమన్నును సరిగా దాచినచో అందులో నిద్రించు గడ్డిగింజలే సగము పని చేయును.

జంతువులకు బురదగుంట గొప్ప ఉచ్చు. మిలమిలలాడు గుంటను నీరని భ్రమించి కొంగలు, బాతులు వాలును. రాత్రివేళ దుప్పియు, ఎలుగును దప్పికతో వచ్చి జారిపడును. చుట్టు దడియు, పైన వలయు, లోన ఒకవైపు ఎక్కిరా గల వాలును ఉండవలెను. రాత్రి మండించు వాయుజ్వాలకును, పెద్దదీపములకును పురుగులు కోట్లుగా వచ్చి చచ్చును. దీపములను క్రిందికి వంచి, కప్పు పెట్టవచ్చును. వాయువును నొక్కు యంత్రముల మ్రోత ఎడతెగనిది. చెవితో వేటాడు గుడ్లగూబ దానివలన ఆకలిగొనును, పొలములో ఎలుకలు పెరుగును. మ్రోతను తగ్గించు గోడలు కలవు గాని అడిగినచోటనే పెట్టుదురు.

ఇప్పుడు సొమ్ము మాట. పౌడరు నది లోయలో వాయువు వెల పడిపోయినప్పుడు కంపెనీలు కొన్ని దివాలా తీసి వెళ్లిపోయెను. వారు ముందుగా కట్టిన ధరావతు బావులు పూడ్చుటకు చాలలేదు. దిక్కులేని ఆ బావులను వేలకొలది వయోమింగు ప్రభుత్వమే పూడ్చవలసి వచ్చినది. మన పల్లెలలో మూతలేని బోరుబావులలో పిల్లలు పడుట చూచి 2010లో సుప్రీముకోర్టు నియమములు చేసినది. నోరు తెరచిన ఎండిన బోరు ఎంత కీడో మనము తల్లుల ఏడ్పులు విని నేర్చితిమి. కావున పూడ్చుటకును, మన్ను పరచుటకును, చెట్లు నాటి మూడు వానకాలములు కాచుటకును ఎంత వ్యయమగునో అంత ధరావతు ముందే ప్రభుత్వమువద్ద కట్టించుమని అడుగవలెను. పూడ్చునప్పుడు బావిని అడుగునుండి సిమెంటుతో బిగించి, గొట్టమును నాగలి తగులని లోతున కోసి, ఆ చోటునకు గురుతురాయి పాతవలెను.

అడుగుటకు మీకు అధికారము కలదా యందురేమో. షెడ్యూల్డు ప్రాంతములందు భూమి సేకరణకు ముందు గ్రామసభను సంప్రదింపవలెనని 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము చెప్పుచున్నది. అడవిని, మృగములను, నీటితావులను కాపాడు అధికారము గ్రామసభకు కలదని 2006 నాటి అటవీహక్కుల చట్టపు 5వ సెక్షను చెప్పుచున్నది. 1997లో సమత కేసున సుప్రీముకోర్టు, షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వభూమిని గనులకై ప్రైవేటువారికి కౌలునకీయరాదని తీర్పు చెప్పెను. ఆ తగవు మన విశాఖ మన్యమునుండియే వెళ్లినది. మరియొకవైపు, చమురు, వాయువుల అన్వేషణ బావులకు బహిరంగ విచారణ అక్కరలేని విధముగ 2020 జనవరిలో నిబంధన మార్చబడినది. ఉత్పత్తికి పోవునప్పుడే విచారణ. అనగా మొదటి రిగ్గు వచ్చునాటికి మిమ్ము కూర్చుండబెట్టి అడుగువారు ఉండకపోవచ్చును. ఆ దినమున గ్రామసభను మీరే కూర్చవలెను.

సభ కూడినప్పుడు పొలముల పటము, నీటి పరీక్ష కాగితము, చెట్ల లెక్క ముందుంచుకొనుడు. పైమన్ను ఎచ్చట పోయుదురో, బోరునీరు ఎచ్చటికి పోవునో, బురద ఎవరు ఎత్తుదురో, ధరావతు ఎంతయో, బదుళ్లు తెలుగులో వ్రాయించి సంతకము తీసికొనుడు. ఒక ప్రతి పంచాయతీలోను, ఒక ప్రతి బడిలోను ఉంచుడు. బావి మూసినతరువాత మూడేండ్లు, ప్రతి యేట జొన్న కంకి పట్టువేళ, పూడ్చిన తావునకును ప్రక్క చేనునకును పోయి పైరు ఎత్తును కొలిచి ఆ ప్రతిమీదనే వ్రాయుడు.